చెవిలో హోరు, కంట్లో ఎరుపు: తలలోని రక్తనాళాల తప్పుడు కలయికలకు క్యాథ్ ల్యాబ్ వైద్యం

మెహిదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఓపీలో ఎర్రబడ్డ కళ్లకు కొదవ ఉండదు. బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్‌లోనూ అంతే. కళ్లకలక, ఎలర్జీ, దుమ్ము, గ్లాకోమా... కారణాలు చాలావరకు మామూలువే. వాటి మధ్య ఎప్పుడో ఒక కన్ను తేడాగా కనిపిస్తుంది. తెల్లగుడ్డు మీద రక్తనాళాలు లావెక్కి, మెలికలు తిరిగి నల్లగుడ్డు అంచుదాకా పాకి ఉంటాయి. వారాల తరబడి చుక్కల మందు వేసినా ఎరుపు తగ్గదు. కనుగుడ్డు కాస్త ముందుకు పొడుచుకొస్తుంది. కన్ను మూయించి రెప్ప మీద స్టెతస్కోప్ ఆనిస్తే నాడితో పాటే హుష్ హుష్ అని శబ్దం వినిపిస్తుంది. అప్పుడు తెలుస్తుంది, జబ్బు కంట్లో లేదని, దాని వెనక పుర్రె అడుగున ఉందని.

చెవిది ఇంకో దారి. కోఠీలోని ఈఎన్‌టీ ఆసుపత్రికి చెవిలో మోత అంటూ వచ్చేవాళ్లలో ఎక్కువమందికి వినిపించేది ఆగకుండా సాగే సన్నటి కీచుమోత. అది సాధారణంగా వినికిడి లోపంతో వచ్చేది. కొద్దిమంది మాత్రం "గుండె కొట్టుకున్నట్టే చెవిలో కొట్టుకుంటోంది, రాత్రి దిండు మీద తల ఆనిస్తే నిద్ర పట్టడం లేదు" అంటారు. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూస్తే మోతా నాడీ ఒకే లయలో నడుస్తుంటాయి. మెట్లెక్కితే రెండింటికీ వేగం పెరుగుతుంది. ఈ రకం మోతకు టెన్షన్ అనో, వయసు అనో పేరు పెట్టి పంపేయడం మన దగ్గర మామూలే. అలా ఉన్నవాళ్లందరికీ తలలో రక్తనాళాల తప్పుడు కలయిక ఉంటుందని కాదు. రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, మెడలోని ధమని సన్నబడటం, తలలో ఒత్తిడి పెరగడం వల్ల కూడా ఇలా వినిపిస్తుంది. కానీ స్కాన్ దాకా వెళ్లకుండా కొట్టిపారేయాల్సిన లక్షణం మాత్రం కాదు.

పై రెండు సందర్భాల్లోనూ లోపల జరిగిన తప్పు ఒకటే కావచ్చు. ధమనుల్లో రక్తం ఒత్తిడి సగటున 90 మిల్లీమీటర్ల పాదరసం చుట్టూ ఉంటుంది. అక్కడి నుంచి రక్తం వెంట్రుక కన్నా సన్నని కేశనాళికల్లోకి చీలి, ఆ వలలోనే తన వేగాన్నీ ఒత్తిడినీ పోగొట్టుకుని సిరల్లోకి చేరుతుంది. మెదడు నుంచి రక్తాన్ని బయటికి తీసుకెళ్లే పెద్ద సిరల్లో ఒత్తిడి 10కి అటూ ఇటూగానే ఉంటుంది. వాటి గోడలు పల్చన, కండ దాదాపు లేదు. మధ్యలోని కేశనాళికల వలను తప్పించి ధమని నేరుగా సిరతో కలిసిపోతే, కృష్ణా నీళ్లు నగరానికి తెచ్చే పెద్ద పైపును తీసుకొచ్చి బస్తీలోని ఇంటి గొట్టానికి తగిలించినట్టే. గొట్టం ఉబ్బుతుంది, మెలికలు పడుతుంది, ఎక్కడో ఒకచోట చిట్లుతుంది. అంతకంటే ముందు, ఆ గొట్టంలోంచి బయటికి పోవాల్సిన నీళ్లు కదలక వెనక్కి తంతాయి.

ఇలాంటి నేరు కలయికనే వైద్యులు ఫిస్టులా అంటారు. మెదడును కప్పి ఉంచే డ్యూరా అనే గట్టి పొరలో ఏర్పడితే డ్యూరల్ ఫిస్టులా. మెదడుకు రక్తం తెచ్చే కెరోటిడ్ ధమని, కంటి వెనక ఉండే కావర్నస్ సైనస్ అనే సిరల గదిలోకి తెరుచుకుంటే కెరోటిడ్ కావర్నస్ ఫిస్టులా, పొట్టిగా సీసీఎఫ్. ఇవి కాక మెదడు కణజాలం మధ్యలోనే ధమనులూ సిరలూ చిక్కుముడిలా అల్లుకుపోయే ఏవీఎం ఉంది. తలలోని ఇలాంటి నాళాల లోపాల్లో డ్యూరల్ ఫిస్టులాల వాటా 10 నుంచి 15 శాతం దాకా ఉంటుందని అంచనా. పుట్టుకతో వచ్చేవి తక్కువ. తలకు దెబ్బ తగలడం, మెదడు ఆపరేషన్, మెదడు రక్తాన్ని బయటికి మోసే పెద్ద సిర కాలువల్లో (వీటినే సైనస్‌లు అంటారు) రక్తం గడ్డకట్టడం లాంటివి జరిగాక నడివయసులోనో ఆ తర్వాతో ఎక్కువగా బయటపడతాయి. చాలామందిలో అసలు కారణమే దొరకదు.

ఈ జబ్బు గురించి అర్థం చేసుకోవాల్సింది ఒక్కటే ఉందంటే, అది సిర గురించి. ధమని ఏది, ఎంత లావు, ఎన్ని కొమ్మల నుంచి రక్తం వస్తోంది అన్నవి యాంజియో, అంటే రక్తనాళాల ఎక్స్‌రే, బొమ్మలో భయపెట్టేలా కనిపిస్తాయి. కానీ రోగికి ఏ లక్షణం వస్తుందో, ఎంత ప్రమాదమో, డాక్టర్ ఎక్కడ మూయాలో నిర్ణయించేది రక్తం వచ్చే దారి కాదు, పోయే దారి. ముందుకు, కంటి సిరల్లోకి పోతే కన్ను ఎర్రబడుతుంది. చెవి వెనకనున్న సిగ్మాయిడ్ సైనస్‌లోకి పోతే చెవిలో హోరు. మెదడు ఉపరితలం మీది సన్నని సిరల్లోకి వెనక్కి తన్నితే మూర్ఛలు, మతిమరుపు, చివరికి ఊళ్లో అనుకునే మాటల్లో "మెదడులో నరం చిట్లడం".

డ్యూరల్ ఫిస్టులాల ప్రమాదాన్ని అంచనా వేయడానికి వాడే, 1995లో వెలువడిన బోర్డెన్, కాగ్నార్డ్ వర్గీకరణలు రెండూ సిర దారి మీదే కట్టినవి. రక్తం పెద్ద సైనస్‌లోకి వెళ్లి సరైన దిశలోనే గుండె వైపు పోతుంటే అది తక్కువ ప్రమాదమున్న రకం. చెవిలో హోరు తప్ప మరే ఇబ్బందీ లేకపోతే, దానికి వైద్యం చేయకుండా కనిపెట్టుకుని ఉండటం కూడా సరైన నిర్ణయమే. మెదడు సిరల్లోకి వెనక్కి తన్నుతుంటే లెక్క మారుతుంది. అందులోనూ తేడా ఉంది. అప్పటికే రక్తస్రావంతోనో, నరాల బలహీనతతోనో బయటపడిన వారిలో ఏడాదికి దాదాపు 7 శాతం మందికి మళ్లీ రక్తస్రావం అయ్యే ప్రమాదం కనిపించింది. అలాంటివేమీ లేకుండా తెలిసిన వారిలో అది ఒకటిన్నర శాతం దగ్గర ఉంది. ఫిస్టులా ఉంది అని రిపోర్టులో రాసి, సిర దారి రాయకపోతే ఆ రిపోర్టు సగమే.

ఒక విచిత్రం కూడా ఇక్కడే ఉంది. నెలల తరబడి హుష్ హుష్ మన్న చెవి ఒకరోజు ఉన్నట్టుండి నిశ్శబ్దమవుతుంది. ఇంట్లో అందరూ తగ్గిపోయిందనుకుంటారు. నిజంగానే కొన్ని ఫిస్టులాలు వాటంతటవే గడ్డకట్టి మూసుకుపోతాయి. కానీ మూసుకుపోయింది ఫిస్టులా కాక, దాని రక్తం బయటికి పోయే సిర మాత్రమే అయితే, ఆ రక్తం మెదడు సిరల దారి పడుతుంది. శబ్దం పోయింది, ప్రమాదం పెరిగింది. మోత ఆగాక తలనొప్పి మొదలైతే, చూపు మసకబారితే, మాట తడబడితే వేచి చూడకూడదు.

మతిమరుపు సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి. డెబ్బయ్యేళ్ల పెద్దాయన నెమ్మదించాడు, దారి మర్చిపోతున్నాడు, మాట తగ్గింది అంటే ముసలితనం అనేస్తాం. సిరల్లో రక్తం నిలిచిపోయి మెదడు వాచడం వల్ల వచ్చే మతిమరుపు అరుదే, కానీ ఫిస్టులా మూస్తే తగ్గే అవకాశం ఉన్న కొద్ది రకాల మతిమరుపుల్లో అది ఒకటి. నెలల్లోనే వేగంగా ముదిరితే ఎంఆర్‌ఐతో పాటు రక్తనాళాల బొమ్మ కూడా తీయించడం మేలు. ఇంకా అరుదుగా, తలలోని ఫిస్టులా రక్తం వెన్నుపాము సిరల్లోకి దిగి కాళ్లు పడిపోతాయి. అప్పుడు నడుము ఎంఆర్‌ఐలు తీయిస్తూ తిరుగుతారు. అసలు లోపం పుర్రె అడుగున ఉంటుంది.

సీసీఎఫ్ విషయానికొస్తే హైదరాబాద్ రోడ్లను తలుచుకోక తప్పదు. కెరోటిడ్ ధమని కావర్నస్ సైనస్ మధ్యలోంచే సాగుతుంది. ఓ ధమని సిర లోపలి నుంచి వెళ్లే ఏర్పాటు శరీరంలో మరెక్కడా లేదు. హెల్మెట్ లేకుండా బైక్ మీంచి పడి పుర్రె అడుగు భాగం విరిగితే, ఆ దెబ్బకు ధమని గోడ చిరిగి రక్తం నేరుగా సైనస్‌లోకి దూకుతుంది. ఇది ఎక్కువగా యువకుల్లో కనిపించే నేరు రకం. 1985 నాటి బ్యారో వర్గీకరణలో టైప్ ఏ. కష్టం ఏమిటంటే ఇది ప్రమాదం జరిగిన రోజే కనిపించకపోవచ్చు. సీటీ స్కాన్‌లో పెద్దగా ఏమీ లేదని ఇంటికి పంపిన కుర్రాడికి రోజుల తర్వాతో వారాల తర్వాతో కన్ను వాస్తుంది, ఉబ్బుతుంది, ఒకటి రెండుగా కనిపిస్తుంది. కన్ను పక్కకు తిప్పే ఆరో నరం ఆ సైనస్‌లోంచే వెళ్తుంది కాబట్టి ముందు దెబ్బ తినేది తరచూ అదే. అప్పుడు వెళ్లేది కంటి డాక్టర్ దగ్గరికి. తలకు తగిలిన దెబ్బ సంగతి అక్కడ చెప్పకపోతే వారాలు వృథా అవుతాయి, ఆ వారాల్లో చూపు పోవచ్చు.

దీని వైద్య చరిత్ర కూడా సిర పాఠాన్నే చెబుతుంది. 1809లో లండన్‌లో బెంజమిన్ ట్రావర్స్ అనే సర్జన్ ఇలా కన్ను ఉబ్బి కొట్టుకుంటున్న ఒకామెకు మెడలోని కెరోటిడ్ ధమనిని దారంతో కట్టేశాడు. ఆ తర్వాత వందేళ్లకు పైగా అదే పద్ధతి నడిచింది. కొందరికి పనిచేసింది, చాలామందికి జబ్బు తిరగబెట్టింది. ఎందుకంటే ఒకవైపు ధమని కట్టేసినా అవతలి వైపు నుంచి మెదడు అడుగునున్న వలయం గుండా రక్తం వచ్చి అదే చిరుగులోంచి కారుతుంది. 1930లో బ్రూక్స్ అనే సర్జన్ కండ ముక్కను ధమనిలోకి వదిలి చిరుగు దగ్గర అడ్డం పడేలా చేశాడు. అసలు మలుపు మాస్కోలో వచ్చింది. ఫ్యోదోర్ సెర్బినెంకో అనే న్యూరోసర్జన్, మే డే ఊరేగింపులో దారాలకు కట్టిన బెలూన్లు ఎటు కావాలంటే అటు తిరగడం చూసి ఈ ఆలోచన చేశాడని చెబుతారు. సన్నని గొట్టం కొసకు చిటికెడు బెలూన్ కట్టి, చిరుగు దాటించి సైనస్‌లో ఉబ్బించి, అక్కడే విడిచిపెట్టే పద్ధతిని ఆయన 1974లో ప్రపంచ వైద్యుల ముందుంచాడు. ధమని తెరిచే ఉంటుంది, చిరుగు మూసుకుంటుంది. వదిలేసే బెలూన్లు కొన్ని దేశాల్లో మార్కెట్ నుంచి తప్పుకున్నా, ఖర్చు తక్కువ కావడం వల్ల మన దేశంలో చాలాకాలం నిలిచాయి. తర్వాత 1990ల మొదట్లో గుగ్లియెల్మీ అనే వైద్యుడి పేరు మీద ప్లాటినం కాయిల్స్, అంటే నాళాన్ని లోపలి నుంచి నింపే సన్నని తీగ చుట్టలు వచ్చాయి. ఇప్పుడు చిరుగు పరిమాణాన్ని బట్టి కాయిల్స్, ద్రవ రూపంలో ఉండే పదార్థాలు, స్టెంట్లు కలిపి వాడతారు. గోడ మరీ చిరిగిపోతే ఆ ధమనినే మూసేయాల్సి రావచ్చు. అప్పుడు ముందుగా బెలూన్‌తో కాసేపు ఆపి, చెయ్యీ కాలూ మాటా సరిగ్గా ఉన్నాయో లేదో చూసి తీరాలి.

నడివయసు దాటిన ఆడవాళ్లలో ఎక్కువగా వచ్చే సీసీఎఫ్ వేరు. ఇందులో పెద్ద ధమని చిరగదు. డ్యూరాలోని సన్నని కొమ్మలు సైనస్‌లోకి కొద్దికొద్దిగా రక్తం పంపుతుంటాయి. కంటి ఒత్తిడి పెరిగి గ్లాకోమా మందుల దగ్గరే ఆగిపోయే కేసులు ఇవే. థైరాయిడ్ కన్ను అని కూడా పొరబడతారు. వీటిలో కొన్ని వాటంతటవే మూసుకుంటాయి. కొందరికి డాక్టర్లు మెడలోని కెరోటిడ్‌ను రోజుకు కొన్నిసార్లు కాసేపు నొక్కి పట్టుకోమని నేర్పుతారు. అదీ జబ్బున్న వైపు ధమనిని అవతలి చేత్తోనే నొక్కాలి. మెదడుకు రక్తం తగ్గితే బలహీనపడేది ఆ చెయ్యే కాబట్టి పట్టు దానంతటదే జారిపోతుంది. చక్కటి ఉపాయం, కానీ ఇంటివైద్యంగా పనికిరాదు. కెరోటిడ్‌లో కొవ్వు పేరుకున్నవారికి, గుండె లయ సరిగా లేనివారికి అది ప్రమాదం.

ఇక ఎక్స్‌రే తెర మీద చూస్తూ రక్తనాళాల లోపలి నుంచే వైద్యం చేసే గది, క్యాథ్ ల్యాబ్ లోపలికి. తొడ మొదట్లోనో మణికట్టు దగ్గరో ధమనిలోకి చిన్న గొట్టం పెట్టి, దాని లోపలి నుంచి ఇంకా సన్నని మైక్రోకాథెటర్‌ను తలదాకా పంపుతారు. పుర్రె తెరిచే పని లేదు. డ్యూరల్ ఫిస్టులాకు తరచూ వాడే దారి మిడిల్ మెనింజియల్ అనే ధమని. అది మెదడుకు కాక డ్యూరాకు రక్తం ఇస్తుంది కాబట్టి అందులో మూసినా మెదడు నష్టపోదు. అక్కడి నుంచి ఆనిక్స్ లాంటి ద్రవాన్ని వదులుతారు. ఇది ఒక ప్లాస్టిక్ పదార్థాన్ని డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగించి, ఎక్స్‌రేలో కనిపించడానికి టాంటలమ్ పొడి కలిపిన నల్లని మందు. పొడి అడుక్కు దిగిపోకుండా వాడేముందు సీసాను కనీసం ఇరవై నిమిషాలు యంత్రం మీద కుదుపుతూ ఉండాలి. రక్తం తగలగానే పైపొర గట్టిపడుతుంది, లోపల మాత్రం లావాలా కదులుతూ ఉంటుంది. అందుకే డాక్టర్ కొంచెం వదిలి ఆగుతాడు, మళ్లీ కొంచెం వదిలి ఆగుతాడు. గొట్టం కొస చుట్టూ గట్టి బిరడా ఏర్పడ్డాక మందు వెనక్కి రాలేక ముందుకే వెళ్తుంది. గురి ఒకటే, ఫిస్టులాను దాటి సిర మొదలును నింపడం. ధమనుల కొమ్మలన్నీ మూసి ఆ మొదలును వదిలేస్తే బొమ్మలో బాగున్నట్టే కనిపిస్తుంది, కొన్ని నెలలకు కొత్త కొమ్మలు పుట్టి కథ మొదటికొస్తుంది. ట్రావర్స్ దారం చేసింది కూడా ఇంచుమించు ఇదే.

ఆనిక్స్ కన్నా పాతది ఎన్‌బీసీఏ అనే గ్లూ. ఇంట్లో వాడే ఫెవిక్విక్ రసాయన కుటుంబానికే చెందుతుంది. సెకన్లలో గట్టిపడుతుంది కాబట్టి చెయ్యి తిరిగిన వాళ్లకే లొంగుతుంది. ధమని దారి దొరక్కపోతే సిర వైపు నుంచే ఎదురెళ్లి సైనస్‌ను కాయిల్స్‌తో నింపుతారు. అయితే ఆ సైనస్ మెదడు రక్తాన్ని కూడా మోస్తోందా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. మోస్తున్నదాన్ని మూస్తే చేతులారా సిర రక్తపోటు తెచ్చిపెట్టినట్టే.

పుర్రె తెరవని పనే అయినా ఇది చిన్న పని కాదు. మెనింజియల్ ధమని కొమ్మల్లో ఒకటి ముఖం నరానికి రక్తం ఇస్తుంది. మందు అటు జారితే మూతి వంకరపోవచ్చు. మరో కొమ్మకు కంటి ధమనితో లోపాయికారీ చుట్టరికం ఉంటుంది, అటు వెళ్తే చూపే పోవచ్చు. మందు వదిలేటప్పుడు డ్యూరా నరాలు కదిలి గుండె వేగం ఒక్కసారిగా పడిపోవడం కూడా మత్తు డాక్టర్లకు తెలిసిన సంగతే. గొట్టం కొస మందులో ఇరుక్కుని రాకపోవచ్చు. అందుకే ఈ పని చేసే ఆసుపత్రి ఎంత పెద్దది అన్నదానికన్నా, ఆ డాక్టర్ ఇలాంటివి ఎంత తరచుగా చేస్తారన్నదే ముఖ్యమైన ప్రశ్న.

ఏవీఎం దగ్గరికి వచ్చేసరికి నియమం తిరగబడుతుంది. ఫిస్టులాలో సిర మొదలు మూయడమే విజయం. ఏవీఎంలో చిక్కుముడి పూర్తిగా మూయకముందే సిర మూసుకుంటే, లోపలికి వస్తున్న రక్తానికి పోయే దారి లేక ముడి పగిలిపోతుంది. అందుకే అక్కడ సాధారణంగా సిరను చివరిదాకా కాపాడతారు. అదీ కాక ఏవీఎం చాలాసార్లు ఒక్క ఎంబొలైజేషన్‌తో, అంటే ఇలా లోపలి నుంచి మూయడంతోనే పోదు. సర్జరీకో, కిరణాలతో చేసే, రెండు మూడేళ్లకు ఫలితం చూపే రేడియోసర్జరీకో అది తోడు మాత్రమే. అసలు చిట్లని ఏవీఎంను ముట్టుకోవాలా అన్నదే పెద్ద వాదం. అవి ఏడాదికి 2 నుంచి 4 శాతం చొప్పున చిట్లుతాయని పాత లెక్క. 2014లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అరూబా అనే క్లినికల్ పరీక్షలో 223 మందిని దాదాపు మూడేళ్లు చూస్తే, మందులతో సరిపెట్టిన వారిలో 10 శాతం మందికి, మూసే వైద్యం చేసిన వారిలో 31 శాతం మందికి స్ట్రోక్ గానీ మరణం గానీ సంభవించింది. ముప్పై ఏళ్ల మనిషికి మూడేళ్ల లెక్క ఎలా సరిపోతుందన్న విమర్శ న్యాయమైనదే. అయినా తలనొప్పికి తీసిన స్కాన్‌లో అనుకోకుండా దొరికిన ఏవీఎంను "వెంటనే మూయకపోతే బాంబే" అని ఎవరైనా తొందరపెడితే, రెండో అభిప్రాయం అడిగే హక్కును ఈ పరీక్ష ఇచ్చింది.

పసిపిల్లల్లో మెదడు లోతుల్లోని పెద్ద సిరకు వచ్చే గేలెన్ సిర లోపం ఇంకో ప్రపంచం. తలలో లోపముంటే గుండె అలసిపోతుంది, ఎందుకంటే రక్తమంతా అడ్డదారిన తిరిగొస్తుంటుంది. గుండె మందులతో నెట్టుకురాగలిగితే ఐదారు నెలల వయసు దాకా ఆగి గ్లూతో విడతలవారీగా మూస్తారు. 2023లో బోస్టన్‌లో తల్లి గర్భంలో ఉండగానే ఈ వైద్యం చేశారు.

హైదరాబాద్‌లో ఈ వైద్యం దొరకదన్న బెంగ అక్కర్లేదు. పంజాగుట్టలోని నిమ్స్‌లోనూ, కొన్ని పెద్ద కార్పొరేట్ ఆసుపత్రుల్లోనూ ఇంటర్వెన్షనల్ న్యూరోరేడియాలజీ, న్యూరోసర్జరీ విభాగాలు ఈ పని చేస్తున్నాయి. ఆలస్యమంతా దానికి ముందే జరుగుతుంది. మామూలు ఎంఆర్‌ఐలో ఫిస్టులా దొరక్కపోవచ్చు. నాళాల బొమ్మలు కూడా తీస్తేనే అనుమానం వస్తుంది, డీఎస్‌ఏ అనే యాంజియో చేస్తేనే ఖాయమవుతుంది. ఆ యాంజియోలో మెదడుకు రక్తమిచ్చే లోపలి కెరోటిడ్‌తో పాటు ముఖానికీ డ్యూరాకూ రక్తమిచ్చే బయటి కెరోటిడ్‌ను కూడా రెండు వైపులా చూడాలి. దాన్ని వదిలేస్తే ఫిస్టులా తప్పించుకుంటుంది. యాంజియోలో ఎక్కించే రంగు మందు కిడ్నీల మీద భారం వేయొచ్చు కాబట్టి, షుగర్ ఉన్నవాళ్లు క్రియాటినిన్ పరీక్ష చూపించి, కిడ్నీల సంగతి ముందే చెప్పాలి.

ఖర్చు మాట దాటవేయడం కుదరదు. డాక్టర్ ఫీజు కన్నా వస్తువులదే భారం. మైక్రోకాథెటర్లు, కాయిల్స్, ఆనిక్స్ సీసాలు ఎన్ని పడతాయో లోపలికి వెళ్లాకే తేలుతుంది. అందుకే అంచనా బిల్లుకు, అసలు బిల్లుకు పొంతన ఉండదు. ఎన్ని సీసాల దాకా లెక్కలో ఉన్నాయి, అంతకు మించితే ఎంత అని రాతపూర్వకంగా అడగడం తప్పు కాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబర్‌లో ఏడాదికి 10 లక్షలకు పెంచారు. అయితే కేసు ఏ ప్యాకేజీ కిందికి వస్తుంది, వస్తువులకు ఎంత వర్తిస్తుంది అన్నది అడ్మిషన్‌కు ముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రతో తేల్చుకోవాలి.

పని అయ్యాక ఒకటి రెండు రోజులు రోగి ఊపిరి వెల్లుల్లి వాసన వేస్తే కంగారు పడొద్దు, అది డీఎంఎస్ఓ బయటికి పోవడం. ఎక్కువసేపు ఎక్స్‌రే తగిలినచోట కొద్దిగా జుట్టు రాలి మళ్లీ మొలవొచ్చు. ఆనిక్స్ నిండిన చోట సీటీ స్కాన్‌లో తెల్లటి చారలు పడి చుట్టుపక్కలంతా కనబడకుండా చేస్తాయి. కాబట్టి తర్వాత ఏ ఆసుపత్రికి వెళ్లినా డిశ్చార్జ్ కాగితాలు, యాంజియో సీడీ వెంట ఉండాలి. మోత ఆగిపోయి, కన్ను తెల్లబడి, అంతా బాగుందనిపించాక చాలామంది ఎగ్గొట్టేది మూడు నుంచి ఆరు నెలల మధ్య చేయించుకోవాల్సిన రెండో డీఎస్‌ఏ. సిర మొదలు నిజంగా మూసుకుందా, పక్క నుంచి కొత్త కొమ్మలు వస్తున్నాయా అన్నది తేలేది ఆ యాంజియోలోనే.